కొత్త కరణం సర్వర్లో కూర్చున్నాడు



పోస్టు పెద్దదే. పొలం పనులయ్యాక సాయంత్రం తీరిగ్గా చదవండి. ఇది పురుగు మందుల గురించి కాదు, మిరప రేటు గురించీ కాదు. ఒక చదువు గురించి. చదువుకీ మన చేలకీ ఏం సంబంధం అంటారా? ఉంది. చివరిదాకా చదివి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

ఇప్పుడు పీజీల్లో, పీహెచ్‌డీల్లో ప్రజాస్వామ్యం, డిజిటల్ పాలన అనే రెండింటినీ కలిపి చదువుతున్నారు. ప్రభుత్వం కాగితం నుంచి కంప్యూటర్లోకి, కంప్యూటర్ నుంచి ఫోన్లోకి మారితే ఓటేసిన మనిషికి ఏమవుతుంది, అతని మాటకి విలువ పెరుగుతుందా తగ్గుతుందా అని పరిశీలించే చదువు. రాజనీతి శాస్త్రంలోనో, పబ్లిక్ పాలసీలోనో పీజీ చేరి ఈ వైపు వెళ్లొచ్చు. మన పిల్లలు ఎవరన్నా ఆ మాటంటే మనం ఏమంటాం? "అదేం చదువురా, దాంతో ఉద్యోగం వచ్చిద్దా? బుద్ధిగా సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకో" అంటాం.

నా మాట ఏందంటే, మన పత్తి, మిరప ఊళ్లకి ఈ చదువు చదివిన పిల్లలు మండలానికి నలుగురన్నా కావాలి. డాక్టరు ఎంత అవసరమో వాళ్లూ అంత అవసరం. ఎందుకో చెప్తాను.

మీ పొలం ఎక్కడుందని అడిగితే కాలవ కింద ఉందనో, డొంక పక్కన ఉందనో చెప్తారు. ప్రభుత్వానికి మాత్రం మన పొలం అక్కడ కనపడదు. అడంగల్, 1బి 2015 నుంచి మీభూమిలో ఉన్నాయి. ఏ సర్వే నంబర్లో ఏ పంట వేశామో ఈ-పంటలో ఉంది. నష్టపరిహారం గానీ, బీమా గానీ, మద్దతు ధరకి కొనుగోలు గానీ ఆ నమోదు మీదే నడుస్తాయి. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రావాలంటే ఈ-కేవైసీ కావాలి. దాంతో కలిపి ఇచ్చే అన్నదాత సుఖీభవ 2025 ఆగస్టు 2న మన ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలోనే మొదలైంది. దానికీ ఆన్‌లైన్ రికార్డే ఆధారం. ఇప్పుడు ఆధార్ లాగా రైతుకి 11 అంకెల విశిష్ట సంఖ్య ఇస్తున్నారు. 2025 సీజన్ నుంచి పత్తి సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాలి. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి 8,110 మద్దతు ధర పెట్టారు సరే, ఆ ధర దాకా వెళ్లే తలుపు ఫోన్లో ఉంది. 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర వచ్చింది, 161 సేవలతో మొదలుపెట్టారు.

అంటే మనకి రెండు పొలాలున్నాయి. ఒకటి నల్లరేగడిలో, ఒకటి సర్వర్లో. మొదటి దాంట్లో తెగులొస్తే ఆకు చూసి పట్టుకుంటాం. రెండో దాంట్లో తప్పు పడితే, అందరికీ డబ్బులు పడి మనకి పడని రోజు దాకా తెలియదు.

మన వయసు వాళ్లకి కరణాలు, మునసబులు గుర్తుండే ఉంటారు. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యేదాకా కరణం రాసిందే రాత. ఒకరి చెక్క ఇంకొకరి పేరున ఎక్కించిన కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. కంప్యూటర్ వచ్చాక ఆ దొంగ దిద్దుళ్లు తగ్గాయి, అడంగల్ కాపీ కోసం ఒకరి అరుగు మీద గంటలు గంటలు కూర్చునే బాధ పోయింది. అది ఒప్పుకోవాల్సిందే. కానీ కరణానికి ఒక ఇల్లుండేది. తప్పు రాస్తే ఎవరు రాశారో ఊరందరికీ తెలుసు. ఎదురు వెళ్లి అడిగే ధైర్యం అందరికీ ఉండేది కాదు, వాడల్లో వాళ్లకి అసలే ఉండేది కాదు. అయినా అడగాల్సిన మనిషి ఫలానా అని తెలుసు.

ఇప్పుడు మనం వినే మాటలు మూడు. "మా లాగిన్‌లో లేదండీ." "పైనుంచే తీసేశారండీ." "సర్వర్ రావట్లేదు, రేపు రండి." చెప్పే పిల్లవాడి తప్పేం లేదు. అతను కూడా మనలాగే తెర వంక చూస్తున్నాడు. నిరుడు మా చేలో మిరప ఉంటే జాబితాలో పత్తి అని పడింది. దిద్దించడానికి నాలుగుసార్లు తిరిగాను. తిరిగినప్పుడల్లా మర్యాదగానే మాట్లాడారు. "దీన్ని మార్చే అధికారం ఎవరికుంది?" అని అడిగితే మాత్రం ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఇది నా ఒక్కడి గోడు కాదు. ఇది చదివే వాళ్లలో సగం మందికి ఇలాంటిది ఒకటి ఉంటుంది.

ప్రజాస్వామ్యం అంటే ఐదేళ్లకోసారి వేలికి సిరా పూయించుకోవడం ఒక్కటే కాదు. నా మీద నిర్ణయం తీసుకున్నవాడు నేను అడిగితే జవాబు చెప్పాలి. అసలు సంగతి అది. నిర్ణయం మిషన్ తీసుకుని, జవాబు చెప్పే మనిషి కనపడకుండా పోతే, ఓటు ఉన్నా ఆ మేరకు మన బలం తగ్గినట్టే.

అట్టాగని కంప్యూటర్ వద్దనే మూర్ఖపు వాదన నాది కాదు. మన రాష్ట్రం మీదే జరిగిన ఒక పెద్ద పరిశోధన చూడండి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 2010 నుంచి 2012 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్ కార్డుతో ఇస్తే ఏమవుతుందో మండలాల వారీగా పోల్చి చూశారు. దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతం. ఫలితం బాగుంది. కూలి తొందరగా అందింది, మధ్యలో మింగడం తగ్గింది, జనం కూడా కార్డే కావాలన్నారు.

తర్వాత అదే పరిశోధకులు జార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ వేలిముద్ర పెడితే ఏమైందో చూశారు. అక్కడ వేలిముద్ర ఒక్కదాని వల్ల దొంగతనం పెద్దగా తగ్గలేదు. ఆధార్ ముడిపడని పేదలకి మాత్రం బియ్యం తగ్గిపోయాయి. ఇక్కడ కూడా వేలిముద్రే, అక్కడ కూడా వేలిముద్రే. తేడా ఎక్కడ? మన దగ్గర కార్డు లేనివాళ్లకి, ముద్ర పడనివాళ్లకి కూడా డబ్బు ఇచ్చే వెసులుబాటు ఉంచారు. అక్కడ ముద్ర పడితేనే బియ్యం అన్నారు. మిషన్ ఒకటే, దాని వెనక పెట్టిన రూలు వేరు. ఆ రూలు ఎవరు పెడతారు, ఎవర్ని అడిగి పెడతారు అన్నది రాజకీయం. ఈ చదువులో చదివేది దాన్నే.

మిరపకాయలు కోసి కోసి, పత్తి తీసి తీసి మన ఆడవాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద ముద్ర పడక మళ్లీ మళ్లీ తుడిచి పెట్టడం మనం రోజూ చూసేదే. ఆ వేలు అరిగింది పని చేసి. ముద్ర పడని దానికి శిక్ష ఆమెకి పడకూడదు.

పక్కన తెలంగాణలో ఏమైందో కూడా తెలుసుకోండి. రాష్ట్రం ఏర్పడిన మొదటి కొన్నేళ్లలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దు చేశారు. రకరకాల శాఖల రికార్డుల్ని కంప్యూటర్ కలిపి చూసి, వీళ్లకి కారుంది, వీళ్లకి పొలముంది అని తేల్చే పద్ధతి అక్కడ వాడారు. ముందుగా నోటీసు ఇవ్వలేదని, అడగడానికి అవకాశం లేకుండా పోయిందని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇళ్లకి వెళ్లి మళ్లీ విచారించమని 2022లో కోర్టు చెప్పింది. పేరు కలిస్తే మనిషి కలిసినట్టు కాదుగా. మన ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఎంతమంది! తండ్రి పేరు చెబితే గానీ తేడా తెలియదు.

మన దగ్గర పింఛన్లకి పెట్టిన ఆరు దశల ధ్రువీకరణ మీకు తెలిసిందే. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, నెలకి 300 యూనిట్ల కరెంటు, కారు, ఆదాయపు పన్ను, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం. రూలుగా చూస్తే సబబుగానే ఉంటుంది. కానీ విడిగా కాపురం ఉంటున్న కొడుకు కారు కొంటే, రికార్డులో ఒకే కుటుంబమని ఉన్నందుకు తల్లి పింఛను ఆగిందనుకోండి. ఆ తల్లి ఎవర్ని అడగాలి?

ఇది పేద దేశాల బాధ అనుకోవద్దు. నెదర్లాండ్స్ ఎంత చదువుకున్న దేశం! పిల్లల సంరక్షణకి ఇచ్చే సాయంలో మోసం చేశారని అక్కడి పన్నుల శాఖ వేల కుటుంబాల మీద తప్పుగా ముద్ర వేసి డబ్బు వెనక్కి కట్టించుకుంది. ఎవరి మీద అనుమానపడాలో లెక్కగట్టడానికి కంప్యూటర్ పద్ధతి వాడారు. 20 వేలకి పైగా కుటుంబాలు నష్టపోయాయి. అది బయటపడి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. బయటపడింది ఎట్టా? నష్టపోయిన వాళ్లు కోర్టులకెళ్లి, లాయర్లు, విలేకరులు, ఎంపీలు పట్టుబట్టి అడిగితే బయటపడింది. మిషన్ తనంతట తాను తప్పు ఒప్పుకోలేదు.

ఇక చదువు సంగతికి వస్తాను. రాజేష్ వీరరాఘవన్ అనే ఆయన అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ పరిశోధనకి ఎక్కడికొచ్చారో తెలుసా? మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలకి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ మన దగ్గర ఎలా నడిచిందో ఊళ్లలో తిరిగి చూశారు. దాన్ని 'ప్యాచింగ్ డెవలప్‌మెంట్' అనే పుస్తకంగా ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. నాకు అర్థమైన సారం ఇది. పై అధికారులు కంప్యూటర్‌తో ఒక కంత పూడిస్తే ఊళ్లో పెత్తందార్లు ఇంకో కంత వెతికారు. మళ్లీ దానికి అతుకు వేయాలి. అట్టా అతుకుల మీద అతుకులు వేస్తూ పోవడమే. ఒక్క కంప్యూటర్‌తో తేలే పని కాదు. రికార్డుని పట్టుకుని ఊళ్లోకి వెళ్లి, కూలీల ముందు పెట్టి, వాళ్లు మాట్లాడే బలం ఇస్తేనే తేలుతుంది.

ఆ పని మనకి కొత్త కాదు. సామాజిక తనిఖీ మన రాష్ట్రంలో 2006 నుంచే మొదలైంది, 2009లో దానికి ప్రత్యేకంగా సొసైటీ పెట్టారు. చదువుకున్న పల్లె పిల్లలు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి "నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నువ్వు నిజంగా చేశావా?" అని అడిగేవాళ్లు. తర్వాత మండలంలో అందరి ముందు అధికారులు, కూలీలు ఎదురెదురుగా కూర్చుని చదివించుకునేవాళ్లు. చనిపోయిన వాళ్ల పేరున కూలి రాస్తే ఆ ఊరి ఆడకూతుళ్లే లేచి చెప్పేవాళ్లు. కంప్యూటర్‌కి ఆ మనిషి పోయాడని తెలియదు, ఊరికి తెలుసు.

కూలీల పథకానికి అంత పకడ్బందీ పద్ధతి ఉన్నప్పుడు రైతు పంట నమోదుకి ఎందుకుండకూడదు? ఈ-పంట ముసాయిదా జాబితాని రైతు సేవా కేంద్రంలో పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలని పద్ధతి ఉంది. కానీ చీమ తలకాయంత అక్షరాలతో గోడకి అంటించిన కాగితం చదివేదెవరు? చదవడం రాని వాళ్లు ఏం చేయాలి? అంటించడం వేరు, వినిపించడం వేరు.

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. మన వైపు మిరప వేసేవాళ్లలో కౌలుకి చేసేవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు 11 నెలలకి ఇస్తారు, కానీ భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, లేదా భయపడి పెట్టడు. అప్పుడు విత్తనం, ఎరువు, అప్పు, వడ్డీ అన్నీ కౌలు రైతువి, సర్వర్లో పేరు మాత్రం ఆసామిది. కంప్యూటర్ అబద్ధం చెప్పట్లేదు, దానికి చెప్పిందే చెప్తోంది. జాబితాని ఊరి మధ్య చదివితే "ఆ చెక్క చేసేది ఫలానా అతను కదా" అని పదిమంది అంటారు. ఆ మాటని అధికారి రాసుకోవాల్సి వస్తుంది.

ఇంకో ముఖ్య విషయం. భూమి హక్కుల చట్టం మీద 2024 ఎన్నికల ముందు మన ఊళ్లలో ఎంత గొడవ జరిగిందో గుర్తుంది కదా. ఒకరు మంచిదన్నారు, ఒకరు భూములు పోతాయన్నారు. 2022లో చేసిన ఆ చట్టం 2024లో రద్దయింది. పార్టీల సంగతి పక్కన పెట్టండి, నేను ఏ పార్టీ కోసమూ రాయట్లేదు. ఆ చట్టంలో టైటిల్ అధికారి అధికారం ఎంత, మామూలు సివిల్ కోర్టుకి వెళ్లే దారి ఎక్కడ మూశారు, అప్పీలు ఎవరి దగ్గర పెట్టారు అని సెక్షన్ల వారీగా తెలుగులో మనకి విడమర్చి చెప్పినవాళ్లు మన మండలాల్లో ఎంతమంది? మనం చట్టాన్ని వాట్సాప్ ఫార్వర్డుల్లో చదువుకున్నాం. రేపు ఇంకో చట్టం వస్తుంది. అప్పుడూ అంతేనా?

ఇప్పుడే చూడండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అనే సెక్షన్‌ని మార్చింది. ఇక వ్యక్తిగత సమాచారం అనే పేరు చెప్పి లబ్ధిదారుల జాబితాలు కూడా ఇవ్వకపోవచ్చని సమాచార హక్కు కోసం పోరాడినవాళ్లు అంటున్నారు. డేటా దాచాల్సింది నిజమే. మన ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా ఎవరికీ పోకూడదు. కానీ పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం ఊరికి తెలియకపోతే దొంగ పేర్లు పట్టేదెట్టా? ఏది దాచాలి, ఏది చదవాలి అనే గీత గీయడానికి చదువు కావాలి, ఊరి అనుభవం కూడా కావాలి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఇంకేం కావాలి? అట్టాంటివాళ్లు మన ఇళ్లలోంచే రావాలి.

మనం ఇప్పటినుంచే అడగాల్సినవి నాలుగు.

ఒకటి. ఈ-పంట జాబితా ఖరారు చేసే ముందు గ్రామసభలో పైకి చదవాలి. పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం చాలు. కౌలు రైతులు చెప్పింది అక్కడే రాసుకోవాలి.

రెండు. ఎవరి పేరన్నా తీసేస్తే కారణం తెలుగులో రాసి ఇవ్వాలి. నిర్ణయం తీసుకున్న అధికారి హోదా, తేదీ, అప్పీలు ఎవరికి చేయాలో, ఎన్ని రోజుల్లో తేలుస్తారో అందులో ఉండాలి. "పైనుంచి" అనేది హోదా కాదు.

మూడు. వేలిముద్ర పడకపోయినా, సిగ్నల్ లేకపోయినా రెండో దారి ఉండాలి. స్లాట్ రోజున వాన పడి పత్తి తేమ 12 శాతం దాటితే ఆ స్లాట్ పోకుండా ఇంకో రోజు ఇవ్వాలి.

నాలుగు. మన రికార్డు ఎవరు తెరిచి చూశారో మనకి కనపడాలి. ఎస్టోనియా అనే చిన్న దేశంలో తన వివరాలు ఏ శాఖ ఎప్పుడు చూసిందో పౌరుడే చూసుకునే ఏర్పాటు ఉంది. మనకి ఎందుకు వద్దు?

ఇవి వచ్చేలోపు చేతిలో ఉన్న ఆయుధం వాడండి. సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరే పెట్టకుండా పదిమంది కలిసి తలా ఒకటి పెట్టండి. "నా పేరు ఏ తేదీన, ఎవరి ఉత్తర్వు మీద తీశారు?" అని ఒకే ప్రశ్న అడగండి. నమోదు అయినప్పుడు రసీదు తీసుకుని పాస్ పుస్తకంతో పాటు దాచుకోండి.

అధికారులకి తీరిక ఉండదు, జాబితా చదవాలంటే పూట పడుతుంది అని కొందరంటారు. నిజమే, పూట పడుతుంది. కానీ తప్పు పడ్డాక ఒక్కో రైతు ఎన్ని పూటలు తిరుగుతున్నాడో ఎవరన్నా లెక్కగట్టారా? అధికారి పూట లెక్కలోకి వస్తుంది, మన పూట రాదు. అదీ తేడా.

చదువుతో ఉద్యోగం వస్తుందా అనేది కూడా న్యాయమైన ప్రశ్నే, అప్పు చేసి చదివించేది మనమే గాబట్టి. సాఫ్ట్‌వేర్ లాగా వెంటనే లక్షలు వస్తాయని నేను చెప్పను. కానీ ప్రభుత్వాల్లో, పరిశోధన సంస్థల్లో, పత్రికల్లో, న్యాయవాద వృత్తిలో ఇది తెలిసినవాళ్ల అవసరం పెరుగుతోంది. మన నాగార్జున యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలు కూడా ఇది కొంచెం చదవాలి. రేపు ఏదన్నా శాఖకి యాప్ రాసేది వాళ్లే. ముద్ర పడని వేలి కోసం ఇంకో మీట పెట్టాలని వాళ్లకి తట్టాలంటే, ఆ వేలు ఎవరిదో వాళ్లకి తెలియాలి.

మన మీద పరిశోధన చేయడానికి బర్కిలీ నుంచి వచ్చారు, సంతోషం. మన పిల్లలు మన ఊరి అడంగల్ పట్టుకుని యూనివర్సిటీకి వెళ్లి "దీన్ని చదువుతాం" అంటే ఇంకా సంతోషం. ఆడపిల్ల అడిగితే అసలు కాదనొద్దు. ఇంట్లో పింఛను, రేషన్, డ్వాక్రా, బ్యాంకు పనులన్నింటికీ వరసలో నిలబడేది ఆడవాళ్లే. ఏది ఎక్కడ ఆగుతుందో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు.

వచ్చే గ్రామసభకి ఊరికి ఐదుగురన్నా వెళ్లి ఈ-పంట జాబితా చదవమని రాతపూర్వకంగా అడగండి. ఏం జవాబిచ్చారో, ఎవరిచ్చారో కింద రాయండి. చదివినా రాయండి, చదవకపోయినా రాయండి. పది ఊళ్ల జవాబులు ఒకచోట చేరితే కలెక్టర్ గారికి కలిసికట్టుగా అర్జీ ఇద్దాం.